పాత స్పోర్ట్స్ కారు: ఇనుముకు కాదు, దస్తావేజుకే ధర

బెంజ్ సర్కిల్ (విజయవాడ): ధాన్యం, మిర్చి, పత్తి, బంగారం ధరలు ఏ పూటకాపూట తెలుస్తాయి. యార్డు ధర, గ్రేడు అనేవి లేకుండానే కోట్లలో చేతులు మారే సరుకు ఒకటుంది. అది పాత స్పోర్ట్స్ కారు. 2022 మే 5న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో బెంజ్ కంపెనీ మ్యూజియంలో వేలం జరిగింది. 1955 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్.ఆర్. కూపే కారు అందులో 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. అప్పటి మారకం రేటులో అది సుమారు 1,100 కోట్ల రూపాయలు. అంతకుముందు ఏ వేలంలోనూ ఏ కారూ అంత ధరకు పోలేదు.

బెంజ్ పేరు తెలియని లారీ వర్తకుడు విజయవాడలో వుండడు. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి బందరు రోడ్డును దాటే కూడలికి వున్న పేరే అది. 1954 నుంచి 1969 వరకు టాటా కంపెనీ బెంజ్ వారి సహకారంతో లారీలు తయారు చేసింది. కనుక ఈ ప్రాంతపు పాత తరం వర్తకులకు బెంజ్ అంటే కారుకన్నా ముందు లారీయే గుర్తుకు వస్తుంది. దగ్గరలోనే వున్న జవహర్ ఆటోనగర్‌లో చాసిస్, ఇంజను, గేరుబాక్సు, బాడీ దేనికది విప్పి బిగించగల మేస్త్రీలకు కొదవ లేదు. పాత బళ్ళ బేరం అక్కడ నిత్యం జరిగేదే.

అయినా 67 ఏళ్ళ నాటి ఇనుముకు, అల్యూమినియానికి 1,100 కోట్లు ఎట్లా వచ్చాయి? అది అసలైనదే అని ఎవరు తేల్చారు? ధర ఏ లెక్కన కట్టారు? పాత బళ్ళ వ్యాపారంలో వున్నవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఈ సరుకులో నష్టం రెండు విధాలుగా వస్తుంది. నకిలీని అసలు ధరకు కొనడం ఒకటి. అసలైన దానిని తెలియక పాత ఇనుము కింద తూకానికి అమ్మివేయడం రెండవది.

లింకు డాక్యుమెంట్లు

పాత స్పోర్ట్స్ కారు కొనడం పాత లారీ కొనడం వంటిది కాదు. పొలం కొనడం వంటిది. లారీ బేరంలో ఇంజను ఎట్లా వుంది, టైర్లు ఎన్నాళ్ళు వస్తాయి, పర్మిటు, ఇన్సూరెన్సు వున్నాయా అని చూస్తారు. పొలం బేరంలో మాత్రం మట్టికన్నా ముందు కాగితం చూస్తారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, నడుమ ఏ లింకు డాక్యుమెంటు లోపించింది, సర్వే నెంబరు సరిపోయిందా అని ఆరా తీస్తారు. ఒక్క లింకు తెగినా ధర పడిపోతుంది.

పాత కారుకూ అదే సూత్రం. ఫ్యాక్టరీ నుంచి మొదట ఎవరికి వెళ్ళింది, తరువాత ఎందరు యజమానులు మారారు, ఏ పందాలలో పాల్గొన్నది, ఎప్పుడు దెబ్బతిన్నది, ఎవరు బాగుచేశారు అన్నవాటికి వరుసగా ఆధారం వుండాలి. పాత ఇన్‌వాయిస్, సి-బుక్కు, బీమా కాగితం, రిపేరు బిల్లు, ఆ రోజుల్లో తీసిన ఫొటో, పందెం జాబితాలో పేరు ఇవన్నీ సాక్ష్యాలే.

స్టుట్‌గార్ట్ వేలంలో ఈ చిక్కు లేదు. ఆ రకం కూపేలు ప్రపంచంలో రెండే వున్నాయి. రెండూ తయారైన నాటి నుంచి కంపెనీ చేతిలోనే వున్నాయి. ఒకదానిని కంపెనీయే అమ్మింది, రెండవది తన వద్ద వుంచుకుంది. లింకు డాక్యుమెంట్లు వెతకవలసిన అవసరమే కలగలేదు. మిగతా పాత కార్లకు అంతటి అదృష్టం వుండదు. అవి పది చేతులు మారతాయి, కొన్ని షెడ్లలో దశాబ్దాలు పడివుంటాయి, కొన్నిటి ఇంజన్లు వేరే బళ్ళలోకి వెళ్ళిపోతాయి.

నెంబర్లు చెప్పే సాక్ష్యం

పరీక్షకుడు మొదట చూసేది చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు. గేరుబాక్సుకు, వెనుక ఇరుసుకు, బాడీకి కూడా వేరే నెంబర్లు వేసిన కంపెనీలు వున్నాయి. ఈ నెంబర్లను కంపెనీ రికార్డుతో పోల్చి చూస్తారు. అన్నీ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాటివే అయితే ఆ కారుకు విలువ హెచ్చు. అదే రకం ఇంజను అయినా వేరే కారు నుంచి తెచ్చి బిగించినదైతే విలువ తగ్గుతుంది. బండి నడకలో తేడా తెలియకపోవచ్చు. ధరలో మాత్రం తప్పక తెలుస్తుంది.

బెంజ్ కంపెనీ పాత కార్లకు డేటా కార్డులు వున్నాయి. ఏ నెంబరు చాసిస్‌కు ఏ ఇంజను బిగించారో, ఏ రంగు వేశారో, లోపలి సీట్లకు ఏ బట్ట లేక తోలు వాడారో వాటిలో వుంటుంది. ఇటలీలోని ఫెరారీ కంపెనీ 2006 నుంచి పాత కార్లను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విభాగాన్ని నడుపుతోంది. ఇంగ్లండు రోల్స్ రాయిస్ కార్ల చాసిస్ కార్డులను అక్కడి యజమానుల, అభిమానుల క్లబ్బు భద్రపరచింది.

రికార్డు తెలిసిన మోసగాడు నెంబరును కొత్తగా గుద్దవచ్చు. అందుకే నెంబరు ఏమిటన్నది ఒక్కటే చాలదు, అది ఎట్లా గుద్దివుందో కూడా చూడాలి. అంకెల ఆకారం, వాటి మధ్య ఎడం, లోతు ఆ ఏడాది ఫ్యాక్టరీ వాడిన పద్ధతికి సరిపోవాలి. చుట్టూ గ్రైండింగ్ గుర్తులు, వెల్డింగ్ గీతలు వుంటే అనుమానించాలి. రవాణా శాఖ పనులకు నెంబరుపై కాగితం పరచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయడం మన వారికి అలవాటే. పాత ఫైలులో అటువంటి ముద్ర ఒకటి దొరికితే ఈనాటి ముద్రతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అరగదీసిన నెంబరును సైతం లోహంపై రసాయనం పూసి పైకి తెప్పించే పద్ధతి ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో వుంది. నెంబరు గుద్దినప్పుడు దాని అడుగున లోహం కూడా నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు మిగిలివుండడమే ఇందుకు కారణం.

సామాన్యుల అందుబాటులోకి వచ్చిన స్పోర్ట్స్ కార్లలో ఇంగ్లండు ఎం.జి. కంపెనీ టి.సి. రకం ఒకటి. 1945 నుంచి 1949 వరకు సుమారు 10,000 తయారయ్యాయి. అన్నీ మన దేశానికి అనువైన కుడివైపు స్టీరింగువే. వీటి చాసిస్ నెంబర్లు ఒకటితో కాక 251తో మొదలవుతాయి. కంపెనీ వున్న అబింగ్‌డన్‌లో దాని టెలిఫోన్ నెంబరు 251 కావడమే అందుకు కారణం. 250 లేక అంతకు తక్కువ నెంబరు గల టి.సి.ని ఎవరైనా అమ్మజూపితే కొనేవారు అక్కడే ఆగాలి. ఇటువంటి చిన్న సంగతులు తెలిసివుండడమే ఈ వ్యాపారంలో పెట్టుబడి. టి.సి. బాడీ రేకు లోపల చెక్క చట్రం వుంటుంది. డెల్టా తేమకు, చెదకు ఆ చెక్క నిలవడం కష్టం. పైన రంగు నిగనిగలాడుతున్నా తలుపు తెరిచి మూసినప్పుడు వాలిపోతే లోపలి చెక్క పోయిందని గ్రహించాలి.

చాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది

ఆటోనగర్ వర్తకులకు సులభంగా అర్థమయ్యే విషయం ఇంకొకటి వుంది. లారీకి కంపెనీ చాసిస్, ఇంజను ఇస్తే బాడీ ఇక్కడి షెడ్లలో కట్టిస్తారు. వెనకటి రోజుల్లో ఖరీదైన కార్ల పద్ధతీ అదే. కంపెనీ చాసిస్ అమ్మేది. కొనేవారు తమకు నచ్చిన బాడీ కంపెనీకి దానిని అప్పగించేవారు.

తెలుగువారికి తెలిసిన గొప్ప ఉదాహరణ హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఇది స్పోర్ట్స్ కారు కాదు, ఊరేగింపు కారు. కాని ప్రామాణికత ఎట్లా నిలబడుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దీనికి ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన మరణించారు. 1912 నాటి ఈ కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో చేరింది. పసుపు రంగు బాడీని లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం అమర్చారు. మొత్తం మీద ఇది తిరిగింది 400 మైళ్ళలోపేనని ప్రతీతి.

సిల్వర్ ఘోస్ట్ చాసిస్‌లు 1906 నుంచి 1926 వరకు ఇంగ్లండు, అమెరికా ఫ్యాక్టరీలలో కలిపి 7,874 తయారయ్యాయి. నిజాం కారు విశేషం ఆ లెక్కలో లేదు. ఆ చాసిస్ మీద మొదట కట్టిన బాడీయే నేటికీ వుండడం, మొదట కొన్న వంశం పేరు విడిపోకపోవడం దాని విశేషం. చాలా పాత కార్లకు ఈ రెండూ వుండవు. నడుమ ఎప్పుడో పాడైన బాడీని తీసేసి కొత్త బాడీ కట్టించి వుంటారు. అటువంటి కారు చూడటానికి ఎంత బాగున్నా మొదటి బాడీతో వున్న కారుకు సాటి రాదు. పాత కారు ఏదైనా మార్కెట్టుకు వచ్చినప్పుడు చాసిస్ ఎవరిది అన్నంత గట్టిగా బాడీ ఎవరిది, ఏనాటిది అని కూడా అడగాలి.

కోటి పౌండ్ల దావా

భాగాలన్నీ మారిపోయిన కారు అసలైనదే అవుతుందా? ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టుకు ఎక్కింది. దావాకు మూలం 1929 నాటి బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు. దీనికి ఓల్డ్ నెంబర్ వన్ అని పేరు. ఫ్రాన్సులో జరిగే లెమాన్స్ 24 గంటల పందెంలో 1929లోను, 1930లోను వరుసగా గెలిచిన కారు ఇది.

పందెపు కారు కనుక దీని భాగాలు ఎప్పటికప్పుడు మారుతూ వచ్చాయి. 1932లో పెద్ద ఇంజనుతో పందెంలో పాల్గొని ప్రమాదానికి గురయింది, డ్రైవరు మరణించాడు. తరువాత దానిని తిరిగి కట్టారు. 1990 నాటికి 1929 నాటి భాగాలు ఇంచుమించు మిగలలేదు, 1930 నాటివి కొన్నే వున్నాయి. ఆ ఏడాది ఒక కంపెనీ దీనిని కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకుంది. తరువాత ఇది అసలు ఓల్డ్ నెంబర్ వన్ కాదంటూ తీసుకోవడానికి నిరాకరించింది. యజమాని కోర్టుకు వెళ్ళాడు.

జస్టిస్ ఆటన్ 1990 జులైలో యజమాని పక్షాన తీర్పు ఇచ్చారు. భాగాలన్నీ మొదటివే అన్న అర్థంలో దీనిని ఒరిజినల్ అనడానికి వీలులేదు. అలాగని ఏదో ఒక భాగం చుట్టూ కొత్తగా కట్టిన కారూ కాదు. ఇది ఏనాడూ విడిపోయి మాయమైపోలేదు. మార్పు జరిగిన ప్రతిసారీ అదే కారుగా కొనసాగింది. ఆ పేరుకు పోటీ వచ్చే కారు మరొకటి లేదు. కనుక ఇది ప్రామాణికమైన ఓల్డ్ నెంబర్ వన్ అన్నది తీర్పు సారాంశం.

వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. తాతల నాటి కొట్టులో భాగస్తులు మారతారు, గుమాస్తాలు మారతారు, కట్టడం కూడా మారుతుంది. ఖాతా మూయకుండా నడుస్తున్నంత కాలం అది ఆ కొట్టే. మూతపడిన కొట్టు పాత బోర్డు తెచ్చి కొత్త షాపుకు తగిలిస్తే మాత్రం అది ఆ కొట్టు కాదు.

ఈ దావా నుంచి గ్రహించవలసింది ఇంకొకటి వుంది. బేరం కాగితంలో వాడే మాటే చివరికి తీర్పు చెబుతుంది. మన దేశంలో 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 15వ సెక్షను ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. 17వ సెక్షను మచ్చును బట్టి జరిగే అమ్మకాలకు సంబంధించినది. మిర్చికి, పప్పుకు మచ్చు చూపవచ్చు. ఒక్కటే వున్న కారుకు మచ్చు వుండదు, వర్ణనే ఆధారం. కనుక ఒప్పందంలో చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు, బాడీ కట్టినవారి పేరు, మారిన భాగాల జాబితా స్పష్టంగా రాసుకోవాలి. ‘ఒరిజినల్ కారు’ అన్న రెండు ముక్కలతో సరిపెడితే మార్కెట్టు పడిన రోజున వివాదం పుడుతుంది. ధర జారినప్పుడే సరుకులో తాలు కనిపిస్తుందని యార్డులో ఎవరినడిగినా చెబుతారు. 1980 దశకం చివర విదేశాలలో విపరీతంగా పెరిగిన పాత కార్ల ధరలు 1990 తరువాత బాగా పడిపోయాయి.

అరుదుదనానికి ఎంత?

ఒకే రకంలో ఒక కారుకు, మరొక కారుకు ధర ఎంత తేడా వస్తుందో బెంజ్ 300 ఎస్.ఎల్. కూపేలే చెబుతాయి. తలుపులు పైకి లేచే ఈ కార్లు 1954 నుంచి 1957 వరకు 1,400 తయారయ్యాయి. వాటిలో 29 కార్లకు మాత్రం బాడీ పూర్తిగా అల్యూమినియంతో చేశారు. మిగతావి ఉక్కు బాడీలు. తేడా బరువులో సుమారు 80 కిలోలు. అల్యూమినియం కారు ఒకటి 2022 జనవరిలో అమెరికా వేలంలో 68 లక్షల 25 వేల డాలర్లు పలికింది. ఉక్కు బాడీ కార్ల మామూలు ధరకు ఇది కొన్ని రెట్లు.

2024 అక్టోబరులో లాస్ ఏంజలస్‌లో జరిగిన వేలం మరీ విచిత్రం. పాత కార్ల తుక్కు వ్యాపారి ఒకరు దశాబ్దాల తరబడి కదపకుండా వుంచిన సరుకు ఆయన మరణానంతరం వేలానికి వచ్చింది. అందులో ఈ 29లోని కారు ఒకటి వుంది. దుమ్ముపట్టి, బాగుచేయని స్థితిలోనే అది 93 లక్షల 55 వేల డాలర్లకు పోయింది. ఎవరూ చెయ్యి పెట్టని కారు కనుక దాని చరిత్ర చెరిగిపోలేదు, అందుకే అంత గిరాకీ.

ఉక్కు కారును అల్యూమినియం కారుగా చూపే ప్రమాదం వుంది కదా అని అడగవచ్చు. అయస్కాంతం మొదటి పరీక్ష. అయితే మామూలు ఉక్కు కార్లలో కూడా బానెట్టు, డిక్కీ మూత, తలుపుల పై రేకు అల్యూమినియమే. అక్కడ అయస్కాంతం అంటకపోతే ఏమీ రుజువు కాదు. పైకప్పు మీద, మడ్‌గార్డుల మీద చూడాలి. అక్కడ అంటకపోయినా, లోపల లప్పం మందంగా పట్టించి వుండవచ్చు, లేదా తరువాతి కాలంలో కొత్త రేకు వేసివుండవచ్చు. చివరి మాట చాసిస్ నెంబరుకు, కంపెనీ రికార్డుకే వదలాలి.

ధర కట్టే తీరు

ఈ మార్కెట్టులో ధర కట్టే పద్ధతి ఇది. అదే రకం కారు ఇటీవల ఏ ధరకు పోయిందో మొదట చూస్తారు. అక్కడి నుంచి హెచ్చులు, తరుగులు లెక్కకడతారు. మొదటి ఇంజను వుంటే హెచ్చు, లేకుంటే తరుగు. మొదటి బాడీ వుంటే హెచ్చు. పేరున్న యజమాని, పందెం గెలిచిన చరిత్ర ఆధారాలతో వుంటే హెచ్చు, నోటిమాటగా వుంటే ఏమీ లేదు. యజమానుల వరుసలో సందు వుంటే తరుగు. తయారైన సంఖ్య ఎంత తక్కువైతే అంత హెచ్చు, అయితే కొనగోరేవారు వున్నప్పుడే.

రెండు జాగ్రత్తలు అవసరం. విదేశీ వేలం ఫలితాలలో ప్రకటించే ధరలో సాధారణంగా కొనుగోలుదారు వేలం కంపెనీకి కట్టే కమీషన్ కలిసివుంటుంది. అమ్మకందారు చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. పత్రికల్లో వచ్చిన అంకె చూసి ఇక్కడి సరుకుకు ధర చెప్పడం సరికాదు. రెండవది, మరమ్మతు ఖర్చు ధరలో తిరిగి రాకపోవచ్చు. రంగుకు, తోలుకు, క్రోమియం పూతకు లక్షలు పోసినంత మాత్రాన ఆ లక్షలు అసలుకు కలవవు. ఆ పనిలో మొదటి భాగాలు తీసి పారవేసి వుంటే పెట్టుబడి పెట్టి మరీ ధర తగ్గించుకున్నట్టే.

మామూలు కారుకు ఏటేటా విలువ తగ్గించి బీమా చేస్తారు. పాత అరుదైన కారుకు ఆ లెక్క పనికిరాదు. విలువ మదింపు చేయించి, ముందుగా ఒప్పుకున్న మొత్తానికి పాలసీ తీసుకోవడం క్షేమం.

చట్టం, పన్ను

పాత బళ్ళకు కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, మొదటి రూపం చెడకుండా, పెద్ద మార్పులు లేకుండా వున్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ కింద వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ఆపై తిరిగి చేయించడానికి 5,000 రూపాయలు. నెంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత వి.ఎ. అని వస్తుంది. ముందే రిజిస్టరయిన బళ్ళు తమ పాత నెంబరును వుంచుకోవచ్చు. పాత నెంబరు కూడా చరిత్రలో భాగమే కనుక దానిని వదులుకోకపోవడం లాభం. ఈ బళ్ళను బాడుగకు, నిత్యపు వాడకానికి తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తీసుకువెళ్ళవచ్చు. చేతులు మారితే 90 రోజులలో రవాణా అధికారులకు తెలియజేయాలి.

విదేశీ ధరలు చూసి ఎగుమతి ఆలోచన చేసేవారు 1972 నాటి పురాతన వస్తువుల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడం నిషిద్ధం. 1912 నాటి కారు ఆ గీత ఎప్పుడో దాటింది.

పన్ను మాట మరింత ముఖ్యం. సొంత వాడకపు కారు అమ్మితే వచ్చే లాభానికి మూలధన లాభం పన్ను లేదని చాలామంది నమ్మకం. ముంబయి పన్ను చెల్లింపుదారు ఒకరు 1983లో 20,000 రూపాయలకు 1931 మోడల్ ఫోర్డ్ టూరర్ కొన్నారు. 1992-93 అసెస్‌మెంట్ సంవత్సరంలో 21 లక్షలకు అమ్మినట్టు చూపి, అది సొంత వస్తువు కనుక పన్ను పడదన్నారు. ధర 105 రెట్లయింది. వ్యవహారం ఏళ్ళ తరబడి నడిచి 2024లో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చింది. సొంతానికి వాడుకోవడానికి వీలైన వస్తువు అయినంత మాత్రాన చాలదు, నిజంగా వాడినట్టు ఆధారం చూపాలి, అది లేదు కనుక పన్ను కట్టవలసిందే అని కోర్టు చెప్పింది. లాభం కోసం కొని షెడ్డులో పెట్టి తాళం వేసేవారు ఈ తీర్పును లెక్కలోకి తీసుకునే ధర కట్టుకోవాలి. పెట్రోలు బిల్లు, సర్వీసు బిల్లు, బీమా రసీదు దాచివుంచితే కారు చరిత్రకూ పనికి వస్తాయి, పన్ను లెక్కకూ పనికి వస్తాయి.

ముందు ధోరణి

తెలుగు జిల్లాల్లో ఈ సరుకు రాక స్వల్పం. జమీందారీ ఇళ్ళలో, పాత మిల్లుల షెడ్లలో, తోటల్లో అక్కడక్కడ ఒకటి బయటపడినప్పుడే బేరం. అసలు కొరత బళ్ళకు కాదు, చెడకుండా మిగిలిన బళ్ళకు. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర భరించలేక ఎన్నో పాత పెట్రోలు కార్లకు డీజిలు ఇంజన్లు బిగించారు. తీసిన ఇంజన్లు తుక్కులోకి వెళ్ళాయి. బండిని ఎట్లాగైనా నడిపించడమే ఆ రోజుల్లో మేస్త్రీ ప్రతిభ. ఆ ప్రతిభ వల్ల బండి నడిచింది, దాని భవిష్యత్తు ధర మాత్రం పోయింది.

ఆటోనగర్ పనివారి నేర్పుకు ఈ మార్కెట్టులో చోటుంది. రేకు కొట్టడం, చెక్క చట్రం కట్టడం, దొరకని భాగాన్ని లేతు మీద చేసివ్వడం వారికి తెలిసిన విద్యలే. వాటికి తోడు కావలసింది లెక్క రాసే అలవాటు. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టాలి, ఫొటో తీయాలి, మార్చిన భాగాన్ని కూడా పారవేయకుండా యజమానికి అప్పగించాలి, ఏ రోజు ఏ పని చేశారో బిల్లులో రాయాలి.

పాత బండి ఏదైనా తుక్కు లెక్కన బేరానికి వస్తే కాటా మీద పెట్టే ముందు నెంబరు రాసుకుని ఒక వారం ఆగడం మంచిదని ఈ వ్యాపారం తెలిసినవారి సలహా. రంగు వేయించవద్దు, నెంబరు పలక గీకవద్దు, పాత కాగితాలు వున్న ట్రంకు పెట్టెను వదలవద్దు. కృష్ణా డెల్టాలో కొత్త బియ్యంకన్నా పాత బియ్యానికి ధర ఎక్కువ. అయితే అవి పాతవేనని నమ్మకం కుదిరితేనే. పాత కారుకు ఆ నమ్మకం కాగితం రూపంలో వుంటుంది. కాగితం పోయిన కారుకు మిగిలేది తూకం ధరే.